రోజుకి ఒక్క ఓడ

మా మనవరాలి పుట్టినరోజుకి దాని స్నేహితురాలెవరో ఒక చిన్న రేకు డబ్బా బహుమతిగా ఇచ్చింది. మూత మీద ఒంటికన్ను ఓడదొంగ బొమ్మ, వాడి భుజం మీద చిలక ఉండాల్సిన చోట ఒక పిల్లదెయ్యం. లోపల పేకముక్కలు ఉన్నాయి గానీ మనమెరిగిన రాజులూ రాణులూ కావు. ఎముకలగూడు కెప్టెన్లు, ఓడని చుట్టేసే ఎనిమిది కాళ్ళ భూతాలు, నిధిపెట్టెలు, మంచులో తేలే ఖాళీ ఓడలు. ఆదివారం పొద్దున్న అది భోజనాల బల్ల మీద ఆ ముక్కలు చకచకా పరుచుకుంటూ, తనలో తనే విసుక్కుంటూ, టీ మరిగేలోపు ఒక ఆట ముగించి ఇంకోటి మొదలుపెడుతుంటే, పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్న నేను ఉండబట్టలేక, ఒక్కదానివే ఏం ఆడతావే, నన్నూ కలుపుకోరాదా అని అడిగాను. అది తల ఎత్తకుండానే, "దాదీ, యే అకేలే కా గేమ్ హై" అంది. నేను తెలుగులో అడిగితే అది హిందీలో చెప్పడం మా ఇంట్లో మామూలే గనక దానికి నేనేమీ అనుకోలేదు. ఒక్కళ్ళే ఆడుకోవడానికని అచ్చువేసి, డబ్బాలో పెట్టి, పుట్టినరోజుకి కానుకగా ఇచ్చే ఆట ఒకటుంటుందన్న సంగతి మాత్రం నాకు మింగుడుపడలేదు.

పోనీలే, ఆట నేర్పు అన్నాను. ట్యూషన్‌కి ఆలస్యమైపోతోందంటూనే గబగబా చెప్పి, డబ్బా నా మొహాన పెట్టి వెళ్ళిపోయింది. ఆ మర్నాటి నుంచీ మధ్యాహ్నాలు నేనూ ఆడుతున్నాను. కొడుకూ కోడలూ తొమ్మిదింటికల్లా ఆఫీసులకి పోతారు, పిల్ల బడికి పోతుంది, పనిమనిషి గిన్నెలు తోమి అరగంటలో మాయమైపోతుంది, ఆ తరవాత సాయంత్రం దాకా మూడో అంతస్తులో నేనూ, ఫ్రిజ్జు మూలుగూ. ఎన్నిసార్లు ఆడినా ఎముకలగూడు కెప్టెనే గెలుస్తున్నాడు. ముక్కల మీద చీమకాళ్ళలాంటి ఇంగ్లీషు అక్షరాలు చదవడానికి కళ్ళజోడు సవరించుకునేలోపు నా ఓడ మునిగిపోతుంది. నా వయసువాళ్ళకి ఇలాంటి మధ్యాహ్నాల సంగతి వేరే చెప్పక్కర్లేదు. మాట్లాడ్డానికి మనిషి లేక, పడుకుంటే రాత్రి నిద్ర పట్టదన్న భయంతో, గోడ గడియారం వంక చూస్తూ గడిపేవాళ్ళు నాలాంటివాళ్ళు ఇంకెందరో ఉండే ఉంటారు.

అయితే ఒంటరి ఆట నాకు కొత్తేమీ కాదు. ఆ మాటకొస్తే ఓడదొంగలూ కొత్త కాదు. ఈ టాటానగర్‌లోనే, ఇలాంటి ఎండలోనే, ఇంతకన్నా నిశ్శబ్దమైన ఇంట్లో, బొంత మీద కూర్చుని ఓడ నడిపిన దాన్ని నేను.

మాది బారువ. సముద్రం ఒడ్డునే ఇల్లు, పగలూ రాత్రీ అలల హోరు, దాని మీద కేకేసినట్టు మాట్లాడుకునే జనం. మా వీధిలో గుసగుసలాడ్డం ఎవరికీ చేతనయ్యేది కాదు. అలాంటి ఊరి నుంచి పెళ్ళయిన కొత్తలో సోంపేటలో రైలెక్కి, ఖరగ్‌పూర్‌లో బండి మారి టాటానగర్‌లో దిగాను. మావారు కార్ఖానాలో రోలింగ్ మిల్లులో క్రేన్ నడిపేవారు. కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టరు, వెనక చిన్న వసారా, అందులో పొయ్యి, నీళ్ళ తొట్టి, మా అత్తగారు. మామగారు నేను రాకముందే పోయారు, ఆయనా ఆ మిల్లులోనే పనిచేసి రిటైరయిన మనిషి. అత్తగారిది భీమిలి. అటువైపు ఆడవాళ్ళకి అలవాటున్నట్టే ఆవిడా అడ్డపొగ తాగేది. నిప్పు నోట్లోకి పెట్టుకుని చుట్ట కాలుస్తూ, పెదవి కదపకుండానే ఆరుగురికి పని చెప్పగలిగేది. సాక్చి బజారుకి తీసుకెళితే, హిందీ ముక్క రాకపోయినా కూరగాయలవాడితో అచ్చ తెలుగులో బేరమాడి, వాడి చేత తలూపించి, సంచీ నింపుకుని వచ్చేది. చింతపండూ బెల్లమూ మాత్రం జుగ్సలాయి బజార్లోనే కొనాలని ఆవిడ పట్టుదల. సాక్చిలో దొరికేది చింతపండే కాదని వాదించేది. నాకూ హిందీ రాదు, ఆవిడ ధైర్యం అంతకన్నా లేదు. ఒక్కదాన్నే వీధిలోకి వెళ్ళేదాన్నే కాదు.

హిందీ రాకపోవడం కన్నా పెద్ద కష్టం ఇంకోటుండేది. మావారికి షిఫ్టు డ్యూటీలు. ఒక వారం పొద్దుటి డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. రాత్రి డ్యూటీని సి షిఫ్టు అనేవాళ్ళు. ఆ వారమంతా ఆయన పొద్దున్న వచ్చి, స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని, కిటికీకి దుప్పటి కట్టించి పడుకుంటే సాయంత్రం దాకా ఇంట్లో చప్పుడనేది వినపడకూడదు. గిన్నె మీద గిన్నె పెట్టకూడదు, రోలు ముట్టకూడదు, రేడియో సంగతి సరేసరి. క్రేన్ నడిపే మనిషికి నిద్ర చాలకపోతే కింద పనిచేసే వాళ్ళ ప్రాణాలకే ముప్పు అని అత్తగారు మొదటి రోజే చెప్పింది. మా వీధిలో ప్రతి ఇంటా ఇదే తంతు. అందుకని ఒక ఏర్పాటుండేది. అప్పట్లో తలుపులకి గంటలు లేవు, వచ్చినవాళ్ళు బయటి గొలుసు పట్టుకుని తలుపు మీద కొట్టేవాళ్ళు. రాత్రి డ్యూటీ మనిషి పడుకోగానే ఆ గొలుసుకి గంఛా చుట్టేసేవాళ్ళం, అదే, భుజాన వేసుకునే గళ్ళ తువ్వాలు. గొలుసుకి గంఛా ఉందంటే పాలవాడు గొలుసు ముట్టకుండా గుమ్మంలో చెంబు కోసం చూసేవాడు, కూరలమ్మి ఆ ఇల్లు దాటేదాకా నోరు మూసుకుని ఆ తరవాత కేకేసేది, గోళీలాడే పిల్లలు అవతలి గోడ దాకా జరిగిపోయేవాళ్ళు. ఎవరూ ఎవరికీ చెప్పింది కాదు, అందరికీ తెలుసు.

అందరికీ తెలుసు, నాకు తప్ప. కాపరానికి వచ్చిన మొదటి నెలలోనే, అత్తగారు రేషన్ షాపుకి వెళ్ళిన ఒక పొద్దున్న, గొలుసుకి వేలాడుతున్న మాసిన గంఛా కళ్ళబడింది. కొత్త కోడలి ఇల్లు ఇలాగా ఉండేది అని దాన్ని విప్పి, సబ్బు పెట్టి ఉతికి, వెనక తీగ మీద ఆరేశాను. ఎంత పనిమంతురాలినో అని నాలో నేనే మురిసిపోయాను కూడా. ఇంక చూడండి, అంతవరకూ ముట్టుకోని వాళ్ళంతా వరసగా గొలుసు పట్టుకున్నారు. చందాకి వచ్చినవాళ్ళు, పోస్టుమాను, పక్కింటి వదిన పంపిన పిల్ల. నేను పరుగెత్తి ఒకరిని పంపేలోపు ఇంకొకరు. మావారు రెండుసార్లు లేచారు, మూడోసారి ఇంక పడుకోలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. ఎర్రబడ్డ కళ్ళతో టీ తాగి, ఆ రాత్రి డ్యూటీకి వెళ్ళిపోయారు.

ఆయన తిరిగి వచ్చేదాకా అత్తగారు చుట్ట వెలిగించలేదు. నేను గుమ్మంలోనే కూర్చున్నాను. మిల్లులో ఏ ఇనప దిమ్మె జారిందో, ఎవరి మీద పడిందో అని తలుచుకుంటూ తెల్లారేదాకా వీధి మలుపు వైపే చూశాను. పొద్దున్న ఆయన సైకిలు మలుపు తిరగడం కనపడగానే అత్తగారు లేచి లోపలికి పోయి పొయ్యి రాజేసింది. తిట్టి ఉంటే బాగుండేదేమో. వాళ్ళిద్దరూ ఏమీ అనకపోవడంతో నాకు నా చేతుల మీదే నమ్మకం పోయింది. గ్లాసు ముట్టుకోవాలన్నా భయం, నడవాలన్నా భయం, ఆఖరికి గాజులకి దారం చుట్టుకుని తిరిగాను. నోరు విప్పితే ఏ చప్పుడవుతుందో అని మాటా తగ్గించేశాను. కొన్ని వారాలకి ఒక్కటే కోరిక మిగిలింది. మా ఊరు వెళ్ళిపోవాలి, మళ్ళీ రాకూడదు. పుట్టింటికి అని చెప్పి వెళ్ళి అక్కడే ఉండిపోవాలి. పెట్టె సర్దుకుని మంచం కింద పెట్టుకున్నాను కూడా. ఆయన అడిగితే ఏం చెప్పాలో తెలియక ఎవరికీ చెప్పలేదు. అత్తగారు ఊడుస్తూ ఆ పెట్టె చూసింది.

మళ్ళీ సి షిఫ్టు వారం రాగానే, మొదటి మధ్యాహ్నం, ఆవిడ బియ్యం డబ్బా వెనక నుంచి పాత పేక కట్ట తీసింది. అంచులు అరిగి, నూనె పట్టి, మెత్తబడిపోయిన ముక్కలు. వసారాలో నేల మీద బొంత పరిచింది, బొంత మీదయితే ముక్క వేసినా చప్పుడు రాదు కదా. నా చెవిలో చెబుతున్నట్టుగా ఆట చెప్పింది. కట్ట కలిపి బోర్లా పెట్టి, పై నుంచి ఒక్కో ముక్కా తిప్పాలి. నాలుగు ఆసులూ నాలుగు రేవులు. నలుగురు రాజులూ ఓడదొంగలు, వాళ్ళు నలుగురూ కూడుకున్నారంటే మన ఓడ పోయినట్టే. జాకీలు మన కళాసీలు, ఒక్కో కళాసీ ఒక్కో దొంగని తరిమి కట్ట అడుగుకి పంపుతాడు. రాణులు సముద్రంలో పాటలు పాడే రాకాసులు, కళాసీని మాయచేసి లాక్కుపోతారు. మిగతా ముక్కలన్నీ ఉత్త నీళ్ళు. రేవులు వరసగానే తగలాలి, వరస తప్పి వచ్చిన ఆసు కూడా కట్ట అడుక్కే పోతుంది. దొంగలు కూడేలోపు ఆఖరి రేవు చేరితే గెలిచినట్టు. మహా అయితే అన్నం వార్చినంత సేపు పడుతుంది. కానీ రోజుకి ఒక్కసారే ఆడాలి. ఓడిపోతే మళ్ళీ రేపటిదాకా ముక్క ముట్టకూడదు.

ఇస్పేటు ఆసు భీమిలి, కళావరు ఆసు కళింగపట్నం, డైమను ఆసు భావనపాడు, ఆఠీను ఆసు బారువ. అలా వరసగా చెప్పి, చుట్ట తిప్పుకుని, అత్తగారు అన్న మాటలు నాకిప్పటికీ వినపడుతున్నట్టే ఉంటాయి. "ఆఖరి రేవు నీ ఊరే ఎట్టినాను. నీ ఓడ బారువ సేరిన్నాడు నాకు సెప్పు. నానే నీ పెట్టి మోసుకొచ్చి టేసన్‌లో రైలెక్కిత్తాను. మావోడితో నాను మాటాడుకుంతాను, నువ్వేటీ సెప్పక్కల్లేదు. అందాకా ఉండు." నేను తల ఊపాను. ఆ పూట మొదటిసారి ఓడ నడిపితే భీమిలి దాటకుండానే దొంగలు పట్టుకున్నారు.

ఆ ఆట మీద ఎంత ఆశ పెట్టుకున్నానో ఇప్పుడు చెబితే నవ్వుతారు. నా బతుకంతా ఆ నూనె ముక్కల మీద ఉందనుకునేదాన్ని. పగటి డ్యూటీల వారాల్లో ఆడటానికి లేదు, ఇంట్లో చప్పుళ్ళుండేవి, పనులుండేవి, ఆయన మేలుకుని ఉండేవారు. రాత్రి డ్యూటీ వారం కోసమే చూసేదాన్ని. ఆయన గురక మొదలవగానే గొలుసుకి గంఛా చుట్టడం నా పనయింది. రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపి, గొలుసు కదిపి చూసి, కుయ్యిమనలేదని రూఢి చేసుకుని అప్పుడు బొంత పరిచేదాన్ని. ముక్క తిప్పే ముందు కళ్ళు మూసుకునేదాన్ని. ఒక్కోసారి కళింగపట్నం దాకా వెళ్ళేది. ఒకసారి భావనపాడు దాకా వెళ్ళింది. అక్కడి నుంచి బారువ ఎంత దూరమని, అమ్మ ఎండుచేపలు ఆరబోసే వాసన తగిలినట్టే ఉంది, సరిగ్గా అప్పుడు ఇద్దరు రాకాసులు ఒకరి వెనక ఒకరొచ్చి కళాసీలని మింగేశారు. ఆ పూట నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. ఏడుపు కూడా చప్పుడు లేకుండా ఏడవడం అలవాటయిపోయింది.

ఇలా ఎండలు పోయి, వానలు పోయి, చలి కూడా పోయి మళ్ళీ ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం ఆయన లోపల పడుకున్నారు, అత్తగారు వసారా మూల గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది, ఆరిపోయిన చుట్ట వేళ్ళ మధ్య అలాగే ఉంది. నేను ముక్కలు తిప్పుతున్నాను. భీమిలి త్వరగానే తగిలింది. కళింగపట్నం తగిలింది. ఇద్దరు దొంగలొచ్చారు, ఒకడిని కళాసీ తరిమాడు. భావనపాడు. ఇంకో ఇద్దరు దొంగలొచ్చారు, కళాసీలు ఎవరూ మిగల్లేదు. కట్ట అడుగుకొచ్చింది, తరిమిన ఆ ఒక్క రాజు మళ్ళీ పడితే అంతే. తిప్పాను. ఉత్త నీళ్ళు. మళ్ళీ తిప్పాను. ఆఠీను ఆసు.

బారువ వచ్చేసింది. గట్టిగా అరవాలనిపించింది, అరవకూడదు. అత్తగారిని కుదిపి లేపాలనిపించింది, లేవబోయాను. అదే నిమిషంలో వీధిలోంచి టంగుమని రేకు మోత. ఎవరో కొత్త గిన్నెలవాడు, మా వీధి అలవాటు ఎరగని మనిషి, గరిటెతో పళ్ళెం మీద కొడుతూ సరిగ్గా మా గుమ్మం ముందే గంప దింపుతున్నాడు. నేను చెప్పుల్లేకుండా పరుగెత్తాను. కాలే సిమెంటు మీద నిలబడి, పెదవుల మీద వేలు పెట్టి, గొలుసుకున్న గంఛా చూపించి, అప్పటిదాకా వీధిలో ఒక్క మాట మాట్లాడని నేను, నిద్రపోతున్నారని హిందీలో, "భయ్యా, సో రహే హైఁ" అన్నాను. వాడు పాపం నాలిక కరుచుకుని, గంప ఎత్తుకుని, పిల్లిలా జారుకున్నాడు. లోపలికొచ్చి గది గుమ్మం దగ్గర చెవి పెట్టి నిలబడ్డాను. గురక వినపడింది. హమ్మయ్య అనుకున్నాను. అంతసేపూ బారువ నాకు గుర్తే లేదు.

వసారాలోకి వచ్చేసరికి ఓడ బొంత మీద అలాగే ఉంది, నాలుగు రేవులూ వరసగా. అత్తగారి కళ్ళు మూసే ఉన్నాయి. ఆ ఆఠీను ఆసుని ఒకసారి చేతిలోకి తీసుకుని చూశాను. తరవాత ముక్కలన్నీ పోగేసి, కలిపి, కట్ట కట్టి డబ్బా వెనక పెట్టేశాను. సంతోషంగా మాత్రం చేయలేదు. అంత పెద్ద గెలుపు గెలిచి, చెప్పుకుంటే వెళ్ళిపోవాల్సి వస్తుందని మింగేసి, ఆ సాయంత్రం రొట్టెలు చేస్తుంటే నా అంత ఒంటరిది ఈ ఊళ్ళో లేదనిపించింది. ఆయన లేచి, ఇవాళ బాగా నిద్ర పట్టింది అన్నారు. కూర ఇంకొంచెం వెయ్యనా అన్నాను.

మర్నాడు మామూలుగానే బొంత పరిచి ముక్కలు కలుపుతుంటే, మూల నుంచి అత్తగారి గొంతు వినపడింది. "నిన్న బారువ సేరినావు గదేటి, మల్లీ ఏల బయల్దేరినావు?" నా చేతిలో కట్ట ఆగిపోయింది. ఆవిడ చుట్ట తీసి, బూడిద దులిపి, నా వంక చూడకుండానే అంది. "ఈ ఆట నాను కట్టిందే. మీ మావకి రాతిరి డూటీలప్పుడు నాకు అత్త కూడా నేదు, గోడలతోటి మాటాడీదాన్ని. నాది ఇటునుంచి అటు, ఆఖరి రేవు భీమిలి. ఓడ సేరిన్నాడు ఎలిపోదామని ఒట్టెట్టుకున్నాను. సేరింది. నానూ ఎవలకీ సెప్పనేదు." ఆ తరవాత చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. మంచం కింద పెట్టె ఆ వారంలోనే ఖాళీ అయింది. అందులో కందిపప్పు పోసుకున్నాం.

ఒకే వసారాలో, ఒకే మనిషి నిద్ర కోసం అన్నేళ్ళు మధ్యాహ్నాలు గడిపినా, మేమిద్దరం కలిసి ఒక్క ఆటా ఆడలేదు. ఇద్దరు ఆడే ఆట కాదు అది. ఆవిడ పోయాక కూడా ఆ ముక్కలు నేను ఆడుతూనే ఉన్నాను. ఓడ మళ్ళీ చాలాసార్లు బారువ చేరింది, చేరలేదు, దానికి విలువ లేకుండా పోయింది. పిల్లలు పుట్టారు, వాళ్ళకీ గుసగుసగా మాట్లాడ్డం నేర్పాం. నాకు హిందీ వచ్చింది, సాక్చిలో బేరాలు వచ్చాయి. మావారు రిటైరయిన రోజున కంపెనీ క్వార్టరు తాళాలు అప్పగించి వచ్చేశాం. అప్పగించే ముందు, ఆఖరి రాత్రి డ్యూటీకి గొలుసుకి చుట్టిన గంఛా విప్పడానికి నాకు చేతులు రాలేదు, ఆయనే విప్పి భుజాన వేసుకున్నారు. ఆయన పోయి మూడేళ్ళు అవుతోంది.

మొన్న మనవరాలికి ఈ ఆట చెప్పాను. ఫోను పక్కన పెట్టి మరీ విన్నది, అదే గొప్ప. ఓడదొంగలూ రాకాసులూ దానికి బాగా నచ్చాయి. అంతా విని, "తో మేరా లాస్ట్ పోర్ట్ కౌన్ సా హోగా?" అని అడిగింది. నీ ఆఖరి రేవు నీ ఇష్టం, నువ్వే పెట్టుకో అన్నాను. దానికేమీ తోచక, నవ్వేసి, బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. ఇక్కడ పుట్టిన పిల్లకి వెళ్ళిపోవాలనిపించే ఊరు ఇంకా ఏర్పడలేదు, ఎప్పుడో ఏర్పడుతుంది.

దాన్నని ఏం లాభం, నాకే తోచడం లేదు. సాక్చి నుంచి కొత్త పేక కట్ట తెప్పించుకుని ఆడదామని కూర్చుంటే, ఆఖరి రేవు దగ్గర చెయ్యి ఆగిపోతోంది. బారువలో సముద్రం తప్ప నా పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఈ మూడో అంతస్తా అంటే, ఇక్కడే ఉన్నాను కదా, దీనికి ఓడెందుకు. నాకిప్పుడు వెళ్ళాలనిపించేది ఒక్కటే చోటు, దుప్పటి కట్టిన కిటికీ, మూల చుట్ట పొగ, గొలుసుకి రెండు చుట్లు చుట్టిన గంఛా. ఏ ఇంటి నుంచి పారిపోవాలని ఓడెక్కానో, ఆ ఇంటికే ఇప్పుడు దారి వెతుకుతున్నాను. అందులో ఎవరో కొత్తవాళ్ళుంటున్నారట, తలుపుకి పాట పాడే గంట పెట్టించారట.

ఇప్పుడు నేను కుక్కరు విజిల్ వేయించుకోవచ్చు, టీవీ ఎంత గట్టిగానైనా పెట్టుకోవచ్చు, గిన్నెలు విసిరికొట్టినా అడిగేవాళ్ళు లేరు. అయినా మధ్యాహ్నం ముక్కలు తీసేముందు బల్ల మీద బొంత పరుస్తాను. ఒక్కో ముక్కా మెల్లగా, చప్పుడు కాకుండా తిప్పుతాను. తిప్పి తిప్పి, మధ్యలో ఆగి, పడకగది వైపు చెవి పెడతాను. అక్కడ ఎవరూ నిద్రపోవడం లేదు.